మానేసిన కారణం

పెద్ద కాలేజీలో కలిపేస్తున్నారు కదా,
చరిత్ర ఒకటి రాసిపెట్టమన్నారు, రెండు పేజీలు మించకుండా.
డీన్ల పేర్లు, శంకుస్థాపన తేదీలు, దాతల ఫోటోలు పంపారు.
నేను నేలమాళిగలోకి దిగి
కార్డుల సొరుగు లాగాను.

సరస్సు ఒడ్డున గాజు ఫ్యాక్టరీల ఊరు మాది.
పంతొమ్మిది వందల ఇరవై మూడు, నవంబరు మంచు.
అప్పుడు దీన్ని కాలేజీ అనలేదు,
'సాయంత్రపు విభాగం' అన్నారు
పెద్దింటి దొడ్డిగుమ్మానికి పేరు పెట్టినట్టు.
పగటి పిల్లలు లేచిపోయిన కుర్చీల్లో
వెచ్చదనం చల్లారకముందే వీళ్ళొచ్చి కూర్చునేవారు.
కొలిమి సెగకి కనుబొమలు కాలిన ఓర్విల్ ట్రస్క్,
సీసాలు లెక్కపెట్టే లియొకాడియా వ్రోబెల్.
ఆవలింత ఆపుకోవడం తొలి పాఠం.

కార్డు మీద ఆరు గళ్ళు.
పేరు, వయసు, చేసే పని, కోర్సు, కట్టిన డబ్బు,
చివర్న, మానేసిన కారణం.
ఎవరు అచ్చు వేయించారో గానీ
చేరకముందే వెళ్ళిపోవడానికి చోటు కేటాయించారు.

చూడగా చూడగా చరిత్రంతా ఆ గడిలోనే ఉంది.
షిఫ్టు మారింది.
మళ్ళీ షిఫ్టు మారింది.
కవలలు.
ముప్ఫై ఒకటిలో వరసగా నలభై కార్డులు, ఒకే సిరా, ఒకే మాట: ఫీజు.
ఒకదాని మీద 'పసిఫిక్' అని మాత్రం ఉంది,
తర్వాత చుక్క కూడా పెట్టలేదు.
ఇంకోదాని మీద, మా ఆయనకి ఇష్టం లేదు.
దాని కిందే, పదకొండేళ్ళ తర్వాత, అదే చేతిరాత:
ఆయన పోయారు. బీజగణితం ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి.

లువీనియా పెటిగ్రూ, ఆస్పత్రి చాకిరేవులో పని.
పగటి కాలేజీ పొమ్మంది.
రాత్రి తలుపు దగ్గర ఎవరూ ఆమె రంగు చూడలేదని
రాసుకోగలిగితే బాగుండేది.
చూశారు.
చూసి, ఫీజు తీసుకుని, వెనక వరస చూపించారు.
దాతల ఫోటోలతో పాటు ఇది కూడా వెయ్యాలి.

వ్రోబెల్ గారికి పట్టా రావడానికి ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది.
వేదిక మీద పేరు తప్పు పలికారు, ఆవిడ లేవలేదు.
మళ్ళీ తప్పు. లేవలేదు.
"ఇన్నేళ్ళు ఆగాను, ఇంకో నిమిషం ఆగలేనా" అందట పక్కావిడతో.
మూడోసారి సరిగ్గా పిలిచాక
తీరిగ్గా కొంగర్రలా నడిచి వెళ్ళి తెచ్చుకుంది.

అరవైల్లో మూతబడ్డ బేకరీ ఒకటి కొని
తలుపు మీద 'కాలేజీ' అని చెక్కించారు.
వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ ఈస్ట్ వాసన.
ఒక రాత్రి, చూసేవాళ్ళు లేక, ఒకామె చంటివాడితో
రసాయనశాస్త్రానికి వచ్చింది.
ప్రొఫెసర్ హల్వర్సన్ పాఠం ఆపలేదు,
వాణ్ణి భుజానేసుకుని ఎడంచేత్తో సమీకరణం రాశాడు.
మరుసటేడు ఖర్చుల పద్దులో
గాజు గొట్టాలకీ గంధకానికీ మధ్య ఒక లైను: ఊయలలు, రెండు.

రికార్డుల గదిలో నాకు ముందున్నది మిస్ థొర్వాల్డ్.
వెళ్ళిపోయినవాళ్ళకి వేరే సొరుగు చెయ్యమంటే చెయ్యలేదు.
"చనిపోయినట్టు కాగితం తెస్తేనే కార్డు తీస్తాను" అనేది.
కాగితాలు వచ్చాయి కూడా.
అవి చదివి, కార్డుకి పిన్ను గుచ్చి,
మళ్ళీ అక్కడే పెట్టేసేది.

ఇప్పుడు కొత్త నియమం:
అయిదేళ్ళు రానివారి వివరాలు తొలగించబడును.
సోమవారం లారీ వస్తుందట.
మొన్న ఎవరో ముసలాయన ఫోను చేశాడు,
డెబ్బై తొమ్మిదిలో స్టాటిస్టిక్స్, రెండు క్లాసులు మిగిలాయి,
ఇంకా కుదురుతుందా అని.
ఉండండి అని వెతికి, ఉంది అన్నాను.
ఏముందని అడగలేదాయన.

రెండు పేజీలూ ఇంకా తెల్లగానే ఉన్నాయి.
వెతుకుతుంటే నాదీ దొరికింది.
ఎనభై ఎనిమిది, వయసు ముప్ఫై నాలుగు, బస్సు డ్రైవరు, చరిత్ర.
మానేసిన కారణం: ఉద్యోగం దొరికింది, ఇక్కడే.

కింద ఇంకో లైను పట్టేంత చోటుంది.